పన్నెండు మీద ఒకటి

పదమూడు చింతగింజలు ముందు పోసి ఎన్నని అడిగితే తెలుగింటి పిల్ల ‘పదమూడు’ అంటుంది. ఆ మాటలోనే పది వినబడుతుంది. బోర్డు మీద ‘ఒక పది, మూడు ఒకట్లు’ అని రాస్తే తనకి కొత్తేమీ కాదు. సీతంపేట కొండల్లో, ఇంట్లో సవరే మాట్లాడే పిల్లకి అదే సంఖ్య ‘పన్నెండు, ఒకటి’. సవర లెక్క పన్నెండు దాకా వెళ్లి, దాని మీద ఒకటి, రెండు అనుకుంటూ ఇరవైకి చేరుతుంది. అక్కణ్ణుంచి ఇరవైలే. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ముండా కుటుంబానికి చెందిన ఈ భాషకి తెలుగుతో చుట్టరికం లేదు.

లెక్కలకి భాషతో పనేముందనేవాళ్లు స్టాఫ్‌రూముల్లో చాలామందే ఉన్నారు. నేనొప్పుకోను. స్థానవిలువ దగ్గర ఆగిపోయిన సవర పిల్లని ‘లెక్క రాదు’ అనేస్తారు. ఇరవైనీ పన్నెండునీ కలుపుకుంటూ సంఖ్య చెప్పే పిల్లకి లెక్క రాకపోవడమేమిటి?

అందుకే నేను పాఠం పుల్లలతో మొదలుపెడతాను. ముప్ఫై మూడు పుల్లలిచ్చి, ఇంట్లో ఎలా లెక్కపెడతారో అలాగే కట్టమంటాను. ఇరవైతో ఒక కట్ట, పన్నెండుతో ఒక కట్ట, ఒక విడి పుల్ల వస్తాయి. వాటిని విప్పించి పదేసి చొప్పున మళ్లీ కట్టిస్తే మూడు కట్టలు, మూడు విడి పుల్లలు. అప్పుడు 33 అని రాస్తే ఏ మూడు కట్టలదో, ఏ మూడు పుల్లలదో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు. పుల్లలు పెరగలేదు, తగ్గలేదు, కట్టే పద్ధతి మారింది. తెలుగు పిల్లల చేత కూడా పన్నెండేసి కట్టించి చూడండి. పదేసి కట్టడం మనం పెట్టుకున్న పద్ధతేనని వాళ్లకీ బోధపడుతుంది.

పిల్లల భాష నుంచే పాఠం మొదలుపెట్టడం కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న తెలుగు కోసం ఆయన్ని తలుచుకుంటాం, సవర మాట మాత్రం ఎత్తం.

ఇప్పుడు పిల్లల చేతికొస్తున్నది ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న లెక్కల పుస్తకం. సవర పిల్లకి రెండు పేజీలూ పరాయివే. ఏజెన్సీకి బదిలీ మీద వచ్చే లెక్కల టీచరు ముందుగా ఆ ఊరి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఒకటి నుంచి నలభై దాకా వాళ్ల భాషలో లెక్కపెట్టడం నేర్చుకోవాలి. శిక్షణ తరగతుల్లో దీనికి ఒక్క పూట కేటాయించమని అధికారులను అడుగుతున్నాను.