సగం తెలిసిన ప్రశ్న

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు గేట్ సలహాకి వచ్చినప్పుడు మొదట అడిగేది పుస్తకాల సంగతే. ఏ ఆథర్ చదవాలి, ఎవరి నోట్సు జిరాక్స్ తీయించాలి, కోచింగ్‌కి వెళ్లాలా, ఆన్‌లైన్ సరిపోతుందా? ఆ తర్వాత నెగెటివ్ మార్కుల గోల. దీనికి సీనియర్లందరి దగ్గరా ఒకటే మంత్రం ఉంది: "పక్కాగా తెలిస్తేనే పెట్టు తమ్ముడూ, లేకపోతే ముట్టుకోకు." ఎన్నేళ్లుగా వింటున్నా ఈ మాట నాకు మింగుడుపడదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మనవాళ్లలో చాలామందికి ఇంజినీరింగ్ సీటు తెచ్చిపెట్టింది ఎంసెట్. ఇప్పుడు పేరు మార్చి ఈఏపీసెట్ అంటున్నారు. మూడు గంటల్లో 160 బిట్లు, నెగెటివ్ లేదు. ఆఖర్లో టైమ్ చాలకపోతే మిగిలినవన్నీ కళ్లు మూసుకుని పెట్టేసి రావడం అక్కడ తెలివైన పనే. ఆ అలవాటుతో గేట్‌కి వచ్చినవాడికి మార్కు పోతుందన్న మాట వినగానే చెయ్యి వణకడం సహజం.

కానీ అసలు లెక్క చూడండి. గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ఒక మార్కు ప్రశ్న తప్పితే మార్కులో మూడో వంతు పోతుంది. రెండు మార్కులదైతే దానికి రెట్టింపు. ఏమీ తెలియని ఒక మార్కు ప్రశ్నలు నాలుగింటికి చీకట్లో బాణాలు వేశారనుకోండి. సగటున ఒకటి తగులుతుంది, మూడు తప్పుతాయి. వచ్చింది ఒక మార్కు, పోయింది ఒక మార్కు. లాభం లేదు, నష్టమూ లేదు. అదే నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే? అలాంటివి మూడు పెడితే సగటున ఒకటి తగిలి, రెండు తప్పి, మూడో వంతు మార్కు చేతిలో మిగులుతుంది. రెండు కొట్టేయగలిగినవాడు వదిలేసి వస్తే అది జాగ్రత్త కాదు, దండగ.

మరి సీనియర్ల మాటలో పస లేదా అంటే, ఉంది. వాళ్లు చెప్పే కారణం మాత్రం అది కాదు. ఆప్షన్లు రాసేవాళ్లు అమాయకులు కారు. విద్యార్థి ఎక్కడ జారతాడో వాళ్లకు తెలుసు. త్రీ ఫేజ్ లెక్కలో లైన్ వోల్టేజీ 400 ఇచ్చి ఫేజ్ వోల్టేజీతో పని పెట్టారంటే, రూట్ మూడుతో భాగించడం మరిచినవాడికి వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో పెట్టి ఉంచుతారు. డిగ్రీలకూ రేడియన్లకూ తేడా మరిచినవాడికి ఒకటి, పీక్ విలువని ఆర్‌ఎంఎస్ అనుకున్నవాడికి ఇంకొకటి. తన జవాబు ఆప్షన్లలో కనిపించగానే కుర్రాడికి ధైర్యం వచ్చేస్తుంది. ఏమీ తెలియనివాడు నాలుగింటిలో ఒకటైనా కొడతాడు. తప్పుగా తెలిసినవాడు ఆ ఒక్కటీ కొట్టడు. కాబట్టి భయపడాల్సింది తెలియని ప్రశ్న గురించి కాదు, సగం తెలిసిన ప్రశ్న గురించి.

ఆ సగం ఎవరికి ఎంతో ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు, ఎవరికి వారు కొలుచుకోవాలి. నేను పిల్లల చేత చేయించే పని ఒక్కటే. పాత ప్రశ్నపత్రం రాసేటప్పుడు ప్రతి జవాబు పక్కనా ఒక గుర్తు పెట్టమంటాను: తెలిసి పెట్టాను, అనుమానంతో పెట్టాను, గుడ్డిగా పెట్టాను. కీ చూసేటప్పుడు మొత్తం మార్కులు పక్కన పెట్టి, అనుమానం గుర్తు ఉన్నవాటినే విడిగా లెక్కేయమంటాను. ఒక మార్కు ప్రశ్నలు పది అలా పెడితే నాలుగు ఒప్పయ్యాయా? రెండు మార్కులు లాభం, ధైర్యంగా పెట్టు. రెండే ఒప్పయ్యాయా? నీ అనుమానం నీకే చేటు చేస్తోంది, ఆ సబ్జెక్టులో ముందు బేసిక్స్ చూసుకో. నెట్‌వర్క్స్‌లో అనుమానం పనికొచ్చినవాడికి మెషీన్స్‌లో అదే అనుమానం కొంప ముంచడం నేను చూశాను. నిజానికి ఈ గుర్తులు పెట్టడం పిల్లలకు నచ్చదు. మార్కు వచ్చింది కదా, ఎలా వచ్చిందో ఎందుకంటారు. టెస్ట్ సిరీస్‌లో ర్యాంకు చూసుకోవడంలో ఉన్న మజా ఇందులో లేదు మరి.

ఇంకొకటి. జవాబుగా అంకె వేయాల్సిన న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ లేదు. 2021 నుంచి వచ్చిన, ఒకటికి మించి ఆప్షన్లు సరైనవి కాగల ప్రశ్నలకూ లేదు. అక్కడ పాక్షిక మార్కులు ఉండవు, అంతే. వాటిని ఖాళీగా వదిలేసి వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారంటే పక్కాగా తెలిస్తేనే పెట్టాలన్న మంత్రం ఎంత లోతుకి దిగిందో చూడండి. జనరల్ ఆప్టిట్యూడ్‌లో నెగెటివ్ ఉన్నా, ఆ 15 మార్కులనూ ఇలాగే చేజేతులా వదులుకుంటారు. అది ఇంగ్లిషు, లెక్కలే కదా అని జనవరి దాకా తెరవరు.

క్యాలిక్యులేటర్ సంగతి కూడా చెప్పాలి. ఏడాదంతా క్యాసియో మీద వేళ్లు పరిగెత్తించి, పరీక్ష రోజున తెర మీది క్యాలిక్యులేటర్‌ని మౌస్‌తో ఒక్కో అంకే నొక్కుతూ కూర్చుంటారు. కీబోర్డు పనిచేయదు, సొంత క్యాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. నిమిషంలో తేలే లెక్కకి రెండు పడతాయి. చదివిన చదువంతా అక్కడ నత్తనడక నడుస్తుంది.

గేట్ ఫిబ్రవరిలో. పాత పేపర్లు, కీలు ఆ పరీక్ష నిర్వహించే సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, పైసా కట్టనక్కర్లేదు. ఈ ఆదివారం ఒకటి దించుకోండి. క్యాసియో తమ్ముడికిచ్చేసి, మౌస్ పట్టుకుని మూడు గంటలు కదలకుండా రాయండి. గుర్తులు పెట్టడం మరవకండి.