గెలిచిన ఆటనూ అనుమానించాలి

ఏ ఆటలోనైనా నేర్పు పెరగాలంటే ఎక్కువ ఆడాలంటారు. చదరంగంలో ఈ మాట చాలావరకు చెల్లుతుంది. అక్కడ ఓటమికి కారణం బల్ల మీదే ఉంటుంది కాబట్టి ఎత్తులు వెనక్కి వేసి చూస్తే తప్పు దొరుకుతుంది. మ్యాజిక్: ద గ్యాదరింగ్ లాంటి ట్రేడింగ్ కార్డుల ఆటలో అంత సులువు కాదు. చక్కగా ఆడినవాడు ఓడిపోవచ్చు, తప్పుల మీద తప్పులు చేసినవాడు గెలిచి లేవచ్చు. వాన కలిసొచ్చిన ఏడు పండిన పంటను చూసి సేద్యం తెలుసుననుకున్న రైతులా, గెలుపునే గురువుగా నమ్మిన ఆటగాడు వందల ఆటలాడి తన తప్పులనే అలవాట్లుగా మార్చుకుంటాడు. గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపకల్పనలో 1993లో అమెరికాలో వెలువడిన ఈ ఆట చుట్టూ మూడు దశాబ్దాల్లో ఒక సాధన సంప్రదాయం ఏర్పడింది. అందులోని పద్ధతులు పైకి వేటికవే అన్నట్టు కనిపించినా అవన్నీ చేసే పని ఒకటే: నిర్ణయంలోని మంచిచెడ్డలను ఫలితం నుంచి విడదీసి చూడటం.

ముందు ఆటలో అదృష్టం ఎక్కడుందో చూద్దాం. ప్రతి ఆటగాడూ కనీసం 60 కార్డుల డెక్‌ను తానే కూర్చుకుని వస్తాడు. ల్యాండ్ కార్డులు మానా అనే శక్తినిస్తాయి. ఆ శక్తిని ఖర్చుపెట్టి జీవులను దింపాలి, మంత్రాలు వేయాలి. వంతుకు ఒక ల్యాండే దించవచ్చు. ఇద్దరికీ మొదట 20 లైఫ్ పాయింట్లు ఉంటాయి, అవి సున్నాకు చేరినవాడు ఓడినట్టు. 24 ల్యాండ్‌లున్న డెక్‌ను కలిపి మొదటి 7 కార్డులు తీస్తే వాటిలో రెండు నుంచి నాలుగు ల్యాండ్‌లు ఉండే అవకాశం సుమారు 77 శాతం. ఒక్కటే రావడమో అసలు రాకపోవడమో సుమారు 14 శాతం, ఐదో అంతకన్నా ఎక్కువో రావడం 8 శాతం. అంటే ఐదు పంపకాల్లో ఒకటికి పైగా ఆట మొదలవకముందే ఇబ్బందిలో పడేస్తాయి. పంపకం అదృష్టమే. కానీ ఆ 24 అనే అంకె ఆటగాడి నిర్ణయం. డాక్టరేట్ చేసిన నెదర్లాండ్స్ ఆటగాడు ఫ్రాంక్ కార్‌స్టెన్, ఏ రంగు కార్డును సకాలంలో ఆడాలంటే డెక్‌లో ఆ రంగు మానా ఇచ్చేవి ఎన్ని ఉండాలో లెక్కగట్టి పట్టికలు తయారుచేశాడు. ఊహకు వదిలేసిన విషయం అలా అంకెల్లోకి వచ్చింది.

చేతిలో పడ్డ కార్డులు నచ్చకపోతే మల్లిగన్ ఉంది. 2019లో ప్రధాన పోటీలకు వచ్చిన నియమం ప్రకారం ఆ కార్డులను డెక్‌లో కలిపేసి మళ్లీ 7 తీసుకోవచ్చు. మొదటిసారికి ఒకటి, రెండోసారికి రెండు చొప్పున డెక్ అడుగున పెట్టాలి. కొత్తవాళ్లు ఇక్కడ ‘ఈ కార్డులతో గెలవగలనా?’ అని ఆలోచిస్తారు. అడగవలసింది వేరు: ఈ 7 కార్డులు మామూలుగా దొరికే 6 కార్డుల కన్నా మెరుగేనా? బలహీనమైన చేతిని అట్టేపెట్టుకుని గెలిచినా ఆ నిర్ణయం తప్పే కావచ్చు. అందుకే ఆట ఆడకుండా డెక్ కలపడం, 7 కార్డులు తీయడం, ఉంచాలో మార్చాలో కారణంతో సహా చెప్పడం, మళ్లీ కలపడం ఒక మంచి సాధన. గెలుపోటములు లేవు కనుక కారణమొక్కటే పరీక్షకు నిలబడాలి.

పెద్ద పోటీలకు ముందు జట్లుగా చేరి చేసే టెస్టింగ్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు డెక్‌లను పదిసార్లు పోరాడించి, ఎక్కువ గెలిచినది మేలని తేల్చేస్తే పొరపాటు. నూటికి 60 ఆటలు గెలవగల డెక్ కూడా పదింటిలో నాలుగో అంతకన్నా తక్కువో గెలిచే అవకాశం దాదాపు ఆరింట ఒక వంతు. కాబట్టి ఆరితేరినవాళ్లు స్కోరు కన్నా కారణాలను గమనిస్తారు. ఏ కార్డు ఎప్పుడూ చేతిలోనే మిగిలిపోతోంది, ఏ వంతు దగ్గర ఆట తిరిగింది అని చూస్తారు. సందేహం కలిగిన చోట ఆపి, ఆ వంతుకు వెనక్కి వెళ్లి, మరోలా ఆడి చూస్తారు. డెక్‌లు మార్చుకుని ఎదుటివాడి ఇబ్బంది తెలుసుకుంటారు. సైడ్‌బోర్డునూ మరచిపోరు. పోటీ మ్యాచ్‌లో సాధారణంగా మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటి ఆట తర్వాత 15 కార్డుల సైడ్‌బోర్డు నుంచి కార్డులు మార్చుకోవచ్చు. అంటే మ్యాచ్‌లో సగమో అంతకన్నా ఎక్కువో ఆటలు మార్చిన డెక్‌తోనే జరుగుతాయి. మొదటి ఆటనే పదేపదే సాధన చేసేవాడు అసలు పరీక్షలో సగం పాఠం వదిలేసినట్టే.

ఆట సాగుతుండగా తీసుకునే నిర్ణయాలను కొలవడానికి మాత్రం అంకెలు చాలవు, భావనలు కావాలి. 1990ల మధ్యలో బ్రయన్ వైస్‌మన్ తన ‘ద డెక్’తో, ఎదుటివాణ్ని త్వరగా కొట్టడం కన్నా అతని కంటే ఎక్కువ పనికొచ్చే కార్డులు మిగుల్చుకుంటూ పోవడం గెలుపు దారి కాగలదని చూపించాడు. 1999లో మైక్ ఫ్లోర్స్ రాసిన ‘హూ ఈజ్ ద బీట్‌డౌన్?’ అనే వ్యాసం మరో ప్రశ్న నేర్పింది. దాదాపు ఒకేలాంటి డెక్‌లు ఎదురుపడినా ఒకరు దాడి చేసేవారు, మరొకరు కాచుకునేవారు అవుతారు. తన పాత్రను పొరబడినవాడు ఓడిపోతాడు. ఆట సాగదీస్తే ఎవరికి లాభమని ప్రతి వంతులోనూ అడిగితే పాత్ర తెలుస్తుంది: లాభం ఎదుటివాడిదైతే దాడి చేయాల్సింది మనమే. ఓటమి దాదాపు ఖాయమైనప్పుడు పనికొచ్చే నియమం ఇంకొకటుంది. గెలిపించగల కార్డు ఏదో ఒక్కటి మిగిలి ఉంటే, అదే రాబోతోందనుకుని, అది వచ్చాక పనికొచ్చేలా ఇప్పటి వంతు ఆడాలి. అది రాకపోతే ఓటమి ఎలాగూ తప్పదు కాబట్టి దాని కోసం ఆడటంలో పోయేదేమీ లేదు.

ఇంత అదృష్టం ఉన్నచోట నేర్పుకు విలువేమిటని అడగవచ్చు. జవాబు సుదీర్ఘ కాలపు ఫలితాల్లో ఉంది. జర్మనీ ఆటగాడు కై బూడె ఈ ఆటలో అగ్రశ్రేణి పోటీలైన ప్రో టూర్ టైటిళ్లు ఏడు గెలిచాడు. అమెరికా ఆటగాడు జాన్ ఫింకెల్ 1998లో న్యూయార్క్‌లోనూ పదేళ్ల తర్వాత కౌలాలంపూర్‌లోనూ ప్రో టూర్ గెలిచాడు. ఈలోగా కార్డులన్నీ మారిపోయాయి, ఆలోచన తీరు మాత్రం చెల్లింది. ఒక్క పంపకంలో పెత్తనం అదృష్టానిదే, వెయ్యి పంపకాల్లో నేర్పుది. ఈ వాదన మనకు కొత్త కాదు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నేర్పు ఆటగానే గుర్తించింది. పంపకం అదృష్టమైనా, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచి ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పేనని భావించింది.

డబ్బున్నవాడిదే ఆట అన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కొన్ని పద్ధతుల్లో డెక్‌కు వందల డాలర్లు పెట్టక తప్పదు. అయితే డ్రాఫ్ట్ ఈ తేడాను తుడిచేస్తుంది. సాధారణంగా ఎనిమిది మంది కూర్చుని, తలా మూడు ప్యాకెట్లు విప్పి, ఒక్కో కార్డు తీసుకుని మిగతావి పక్కవారికి అందిస్తారు. ఆ కార్డులకు మామూలు ల్యాండ్‌లు చేర్చి కనీసం 40 కార్డుల డెక్ కట్టాలి. ఇంటి నుంచి తెచ్చిన ఖరీదైన కార్డు ఇక్కడ పనికిరాదు. ఫింకెల్ పైన చెప్పిన రెండు గెలుపులూ డ్రాఫ్ట్ పోటీల్లోనివే. గెలిచిన డెక్‌ల జాబితాలు అందరికీ దొరుకుతుంటే నకలు కొడితే చాలదా అనేవారూ ఉన్నారు. జాబితా 75 కార్డుల పేర్లు చెబుతుంది. ఏ చేతిని వదలాలో, ఎప్పుడు కాచుకోవాలో చెప్పదు. అందరి దగ్గరా ఒకే జాబితా ఉన్నప్పుడే నిర్ణయాల్లోని తేడా బయటపడుతుంది.

ఈ క్రమశిక్షణ జీవితంలోనూ పనికొస్తుందని చాలామంది చెబుతారు. మ్యాజిక్ ఆడి ఎదిగిన డేవిడ్ విలియమ్స్ 2004 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో రెండో స్థానం సాధించాడు. కొద్దిమంది ఉదాహరణలతో అంత పెద్ద మాట రుజువు కాదు. పోకర్ కూడా కార్డుల ఆటే. కాబట్టి చిన్న మాటే చెప్పుకుందాం. వ్యాపారంలో, వైద్యంలో, విధానాల్లో మంచి నిర్ణయానికి చెడు ఫలితం, చెడు నిర్ణయానికి మంచి ఫలితం రావడం మామూలే. అక్కడ తప్పు తెలియడానికి ఏళ్లు పడుతుంది, మళ్లీ అదే పరిస్థితి రాదు. ఇక్కడ ఒక మ్యాచ్ గంటలోపే ముగుస్తుంది, నష్టం స్వల్పం, మరో పంపకం సిద్ధం. ఫలితానికి లొంగకుండా తన తీర్పును తానే తప్పుపట్టగలగడం నేర్చుకోవడానికి ఇంత చవకైన చోటు అరుదు. ఈ సంప్రదాయం విలువ ట్రోఫీల్లో కన్నా అందులోనే ఉంది. ఓడినప్పుడు తప్పు వెతకడం ఎవరైనా చేస్తారు. గెలిచాక కూడా వెతికేవాడే ఎదుగుతాడు.