ముందు వట్టి కళ్లతో

మే నెలలో దక్షిణపు గాలి తిరిగిందంటే షికాగోలో పిట్టల పిచ్చి ఉన్నవాళ్లం అలారం పెట్టుకుని పడుకుంటాం. ఆ గాలి వాలున ఉత్తరానికి వలసపోయే వార్బ్లర్లు, థ్రష్‌ల లాంటి పిట్టలు రాత్రిపూటే ప్రయాణిస్తాయి. తెల్లారేసరికి ఒకపక్క మిషిగన్ సరస్సు, ఇంకోపక్క కాంక్రీటు. వాలడానికి ఒడ్డునున్న పార్కులే దిక్కు. తెల్లవారుజామున ఎదురుగాలో వానో తగిలితే గుంపులుగా దిగుతాయి. మనకు పండగ, వాటికి కాదు.

అలాంటి పొద్దున నేను వెళ్లేది మాంట్రోజ్ పాయింట్‌కి. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో సైన్యం అక్కడ నైకీ క్షిపణుల కోసం రాడార్ స్థావరం పెట్టి, బ్యారక్‌లు కనబడకుండా పొదలు నాటించింది. సైన్యం పోయింది, పొదలు మిగిలాయి. వాటినే ఇప్పుడు ‘మ్యాజిక్ హెడ్జ్’ అంటారు. ఆ పార్కులో 300కు పైగా జాతులు నమోదయ్యాయి.

కొత్తగా వచ్చినవాళ్లు రాగానే బైనాక్యులర్ ఎత్తి పొదంతా గాలిస్తారు. అలా ఏదీ దొరకదు. ముందు వట్టి కళ్లతో చూడాలి. గాలి లేకుండా ఒక ఆకు కదిలిందా, చూపు అక్కడే నిలిపి బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించారా, పిట్ట ఇంకో కొమ్మ మీదుంటుంది. పుస్తకాల్లో బొమ్మలు పక్కనుంచి గీస్తారు. చెట్టు కింద నిలబడ్డవాడికి కనిపించేది మాత్రం పొట్టా, తోక అడుగూ. అందుకే ముందు తోకలు నేర్చుకోమంటాను. మాగ్నోలియా వార్బ్లర్‌ తోక అడుగున తెల్లగా ఉండి, కొస మాత్రం సిరాలో ముంచినట్టుంటుంది. అదొక్కటి కనబడితే చాలు, పేరు చెప్పేయొచ్చు.

చలి పొద్దుల్లో ఈ కష్టం కూడా ఉండదు. పురుగులు నేలబారున ఉంటాయి కాబట్టి, చిటారు కొమ్మన తిరిగే బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ గడ్డిలోకి దిగుతుంది. ఆండీస్ కొండల నుంచి వచ్చిన పది గ్రాముల ప్రాణి, ముదురు నారింజ గొంతుతో, మన బూట్ల పక్కనే పురుగులు ఏరుకుంటుంది. అప్పుడు కూడా ఫోన్లో కూత వినిపించి దాన్ని ఇంకా దగ్గరికి రప్పించాలని చూసేవాళ్లుంటారు. రాత్రంతా ఎగిరొచ్చినదాన్ని తిననివ్వకపోవడం నా దృష్టిలో దొంగతనమే.

ఇవన్నీ పార్కు దాకా చేరినవాటి సంగతి. 2023 అక్టోబరు 5న ఇదే ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ భవనం అద్దాలకు కొట్టుకుని ఒక్కరోజే వెయ్యికి దగ్గరగా పిట్టలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాది అద్దాలకు చుక్కల ఫిల్మ్ అంటించాక ఆ చావులు బాగా తగ్గాయి. ఇళ్లలో ఫిల్మ్ అంటించేంత ఖర్చు కూడా అక్కర్లేదు; రాత్రిపూట పిట్టల్ని అద్దాల వైపు లాగేది లోపలి వెలుగే. సరస్సు ఒడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు ఏప్రిల్, మే నెలల్లోనూ మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ రాత్రి 11 దాటాక లైట్లు ఆర్పేయండి. ఆర్పలేకపోతే కర్టెన్లయినా వేయండి.