గయ్యాళి గొంతు, హార్డ్‌కోర్ హోరు

కడపలో మా వీధి కొళాయికి మూడు రోజులకొకసారి నీళ్లొచ్చేవి. తెల్లవారుజామున నాలుగింటికో, రాత్రి పదకొండింటికో. బిందెలు వరస పెట్టుకుని కూచున్న ఆడవాళ్ల మధ్య ఎవరిదో ఒక బిందె రెండడుగులు ముందుకు జరిగేది. అంతే, గొడవ మొదలు. మా అమ్మ లేచి కిటికీ మూసేది. ‘ఆ మాటలు నీ చెవిన పడగూడదు’ అనేది. మూసినా వినిపించేవి. మాటలు తెలిసేవి కావు గానీ వేగం తెలిసేది. ఊపిరి తీసుకునే సందు లేకుండా, ఒకదాని మీద ఇంకొకటి విసిరినట్టు వచ్చే ఆ గొంతుకి నేను మంచంలో పడుకునే భయపడేదాన్ని. భయంతో పాటు ఇంకేదో కూడా ఉండేది. దానికి అప్పుడు నా దగ్గర పేరు లేదు.

చాలా ఏళ్ల తర్వాత, పరిశోధన చేస్తున్న రోజుల్లో, హాస్టల్లో ఒక స్నేహితురాలు తన ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది. నిమిషంన్నర పాట. మైనర్ థ్రెట్ అనే అమెరికన్ బృందానిది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ‘ఇది పాటేనా?’ అని అడిగాను. అడుగుతూనే నాకు గుర్తొచ్చింది మూసిన కిటికీ. మాట తెలియకుండా వేగం మాత్రమే తెలియడం నాకు కొత్త కాదు. అక్కడ అమెరికాలో పద్దెనిమిదేళ్ల కుర్రాడి అరుపుని సంగీతం అన్నారు. ఇక్కడ కడపలో నలభై ఏళ్ల మనిషి అరుపుని గయ్యాళితనం అన్నాం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందనేదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ముందు ఆ సంగీతం గురించి కొంత చెప్పాలి. 1970ల మధ్యలో న్యూయార్కులో, లండన్లో పుట్టిన పంక్ సంగీతాన్ని ఆ తర్వాత వచ్చిన కుర్రకారు ఇంకా వేగంగా, ఇంకా కురచగా, ఇంకా కటువుగా మార్చారు. అదే హార్డ్‌కోర్. కాలిఫోర్నియాలో బ్లాక్ ఫ్లాగ్, వాషింగ్టన్ నగరంలో బ్యాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్ దానికి మొదటి పేర్లు. మైనర్ థ్రెట్ 1981లో తెచ్చిన తొలి రికార్డులో ఎనిమిది పాటలుంటే, అన్నీ కలిపి పది నిమిషాలు కూడా లేవు. బ్యాడ్ బ్రెయిన్స్ నల్లజాతి యువకులు. తెల్లవాళ్ల సంగీతంగా పేరుపడిన దానికి ఆ వేగం నేర్పినవాళ్లలో వాళ్లు ముందున్నారు. 1980లో మొదలైన డిస్కార్డ్ అనే చిన్న సంస్థకి డబ్బు లేదు. మిత్రులే కూచుని రికార్డుల అట్టలు కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. పెద్ద కంపెనీని అడుక్కోకుండా మనది మనమే చేసుకుందాం అనే పట్టుదల అది. ఇంట్లో కూచుని చందాదారుల చిరునామాలు రాసి, పత్రిక కట్టలు పోస్టాఫీసుకి మోసిన మన స్త్రీలకి ఆ పని గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే ఆ హోరు ముందు వరసలో ఎవరు నిలబడ్డారు? వేదిక కింద కుర్రాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ, తోసుకుంటూ తిరిగే చోటుని వాళ్లు ‘పిట్’ అంటారు. అమ్మాయిలు గోడ పక్కన ఒదిగి నిలబడేవాళ్లు. చాలాసార్లు వాళ్ల పని స్నేహితుల కోట్లు పట్టుకోవడం. 1984లో బ్లాక్ ఫ్లాగ్ తెచ్చిన ‘స్లిప్ ఇట్ ఇన్’ పాట ఆడమనిషి వద్దనడాన్నే ఎగతాళి చేస్తుంది. ఆ రికార్డులో బేస్ గిటార్ వాయించింది కీరా రోస్లర్ అనే స్త్రీ. ఆ వేగానికి చేతులు అరిగేలా తాళం పట్టింది ఆమె. ఆ పాటలో ఎగతాళి పాలైందీ ఆమెలాంటి ఆడదే. అధికారాన్ని ధిక్కరిస్తున్నామని చెప్పుకునే రూపం లోపల ఇంత పాత సరుకు ఉండగలదు.

దీన్ని నిలదీసింది ఆ లోకంలోని ఆడపిల్లలే. 1991 ప్రాంతంలో ఒలింపియా అనే చిన్న నగరం నుంచి రయట్ గర్ల్ ఉద్యమం వచ్చింది. బికినీ కిల్ బృందం గాయని కాథ్లీన్ హానా పాట మొదలుపెట్టే ముందు అమ్మాయిల్ని ముందుకి రమ్మని, మగవాళ్లని వెనక్కి జరగమని అడిగేది. చూడ్డానికి ఇది స్థలం సర్దుబాటే. కానీ గోడ పక్కన ఏళ్లకేళ్లు నిలబడ్డవాళ్లకి ఇది రాజకీయం. మళ్లీ ఆ ముందు వరస కూడా తెల్ల అమ్మాయిలదే అయిందని మిమీ థీ న్గుయెన్ 1997లో ‘ఎవల్యూషన్ ఆఫ్ ఎ రేస్ రయట్’ అనే లఘుపత్రిక తెచ్చి ప్రశ్నించింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చినప్పుడు దళిత స్త్రీలు మన స్త్రీవాదాన్ని అడిగిన ప్రశ్నకి ఇది దూరపు చుట్టం కాదు, తోబుట్టువు.

ఇక మా సీమకి వస్తాను. రాయలసీమకి సొంతమైన హోరు ఏది అని ఎవరినడిగినా సినిమా పేర్లు చెప్తారు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’. తొడ కొట్టడం, సుమోలు లేవడం, వేటకొడవళ్లు, వెనక మోగే డప్పులు. ఆ సినిమాల్లో సీమ మగవాడి కోపానికి పౌరుషం అని పేరు. ఆడవాళ్లు అందులో పసుపు కుంకుమలు పోగొట్టుకుని ఏడవడానికో, కొడుక్కి పగ గుర్తుచేయడానికో ఉంటారు. వాళ్లకి సొంత కోపం ఉండదు, మగవాళ్ల కోపాన్ని మోసే పనే ఉంటుంది.

సినిమాలు వదిలేసి నిజంగా జరిగే వాటిని చూద్దాం. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు రెండు వర్గాలై, కాగడాల వెలుగులో కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి, పోలీసులు ఏటా వద్దంటారు, ఏటా జరుగుతుంది. దాన్ని భక్తి అంటారు, ఆచారం అంటారు. అదే మా సీమ పిట్. ఆ కర్రలు పట్టిన చేతులు మగవాళ్లవే. చీకట్లో కట్టు కట్టి, పసుపు అద్ది, రాత్రంతా మేలుకునే చేతులు ఇంటి దగ్గర ఉంటాయి. ఇక తప్పెట సంగతి. ఎంత దూరం నుంచైనా గుండెని తాకే ఆ వాద్యాన్ని తరాలుగా మాదిగల మెడకి వెట్టిగా తగిలించాం. చావుకి రమ్మన్నాం, జాతరకి రమ్మన్నాం, గుడి లోపలికి మాత్రం రావద్దన్నాం. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆ చాటింపు పేరునే ఆత్మగౌరవం పేరుగా మార్చుకుంది. వెట్టి చప్పుడు ధిక్కారమైన ఈ కథలో కూడా పుల్ల పట్టుకున్నవాళ్లు ఎక్కువగా మగవాళ్లే.

మరి ఆడవాళ్ల హోరు ఎక్కడుంది? నేను కిటికీ వెనక విన్నదే అది.

ఆ కొట్లాటని ఒక ప్రదర్శనగా గమనిస్తే దాని నిర్మాణం తెలుస్తుంది. నీ నోరు పడ, నీ కొంప కూల, నీ పాడె కట్ట. ప్రతి తిట్టూ ‘నీ’ అని మొదలవుతుంది, డప్పు మీద పుల్ల పడ్డట్టు. క్రియ పూర్తి కాదు, పడాలనీ కూలాలనీ అనదు. ‘పడ’, ‘కూల’ అని సగంలో తెగుతుంది. ఆ తెగడంలోనే వేగం. మధ్యలో కొంగు బిగించడం, చేతులు తిప్పడం, చివరికి గుప్పెడు మట్టి తీసి ఎదుటిమనిషి మీదికి ఎత్తిపోయడం. దుమ్మెత్తిపోయడం మనకి ఇప్పుడు పత్రికల్లో రాజకీయ నాయకులు చేసే పని. అది మొదట వీధిలో ఆడవాళ్లు చేసిన పని. ఇంత నేర్పు ఉన్న కళకి మనం పెట్టిన పేరు గయ్యాళి. సూర్యకాంతం గారు ఆ పాత్రల్ని ఎంత గొప్పగా పోషించారంటే, ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికే తల్లిదండ్రులు జంకారని ఇప్పటికీ చెప్పుకుంటాం. 1962 నాటి ‘గుండమ్మ కథ’ చూస్తూ పడీ పడీ నవ్వుతాం. నవ్వేసినంతసేపూ ఆమెకి కోపం ఎందుకొచ్చిందని అడిగే అవసరం ఉండదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా డాక్టరేట్ రాయలసీమ స్త్రీల జానపద గేయాల మీద. లాలిపాటలు, విసుర్రాయి పాటలు, కోతల పాటలు, అప్పగింత పాటలు అని అధ్యాయాలు పెట్టుకున్నాను. కర్నూలు, కడప పల్లెల్లో తిరుగుతున్నప్పుడు తిట్లూ శాపనార్థాలూ కూడా రికార్డు చేశాను. ‘ఇవి గేయాలు కావు, పైగా అసభ్యం’ అన్నారు ఒక పెద్దమనిషి. నేను వాదించలేదు. నా చేత్తో నేనే ఆ నలభై పేజీలు తీసేశాను. మా అమ్మ మూసిన కిటికీని ఈసారి నేను మూశాను. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు స్త్రీల కవిత్వాన్ని నీలికవిత్వం అని ఈసడించినవాళ్ల మీద కోపంతో పేజీలు నింపినదాన్ని, అదే మాట వేరే ఆడవాళ్ల మీద పడితే తల ఊపాను. ఆ కొళాయి దగ్గర గొంతులు ఎక్కువగా ఏ కులాలవో మా ఇంట్లో అందరికీ తెలుసు. కిటికీ మూసింది ఒక్క చప్పుడికే కాదు.

అలాగని ఆ తిట్లన్నిటినీ తిరుగుబాటు అని నెత్తిన పెట్టుకుంటే అది ఇంకో అబద్ధం. తీసేసిన పేజీలు ఈమధ్య మళ్లీ చదివాను. గొడ్రాలా, ముండమోపీ, మొగుణ్ణి మింగినదానా. పిల్లలు పుట్టకపోవడం, మొగుడు చావడం, గడప దాటడం. ఆడదాన్ని కొట్టడానికి పితృస్వామ్యం తయారు చేసిపెట్టిన రాళ్లే ఇవన్నీ, ఒక ఆడది ఇంకొక ఆడదాని మీద విసురుతోంది. మూడు రోజులకొకసారి నీళ్లు వదిలినవాడికి ఒక్క రాయీ తగలదు. గొంతులో అంత స్వేచ్ఛ, మాటలో అంత బానిసత్వం. బ్లాక్ ఫ్లాగ్ రికార్డులో కీరా రోస్లర్ తాళం విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇదే. వేగం ఉన్నంత మాత్రాన, ఎంత గట్టిగా అరిచినా, కోపం సరైన చోటికి చేరదు.

అది చేరిన సందర్భాలూ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ వలస కుటుంబంలో పుట్టిన ఆలిస్ బ్యాగ్, హార్డ్‌కోర్ అనే పేరు స్థిరపడకముందే 1977లో ద బ్యాగ్స్ బృందంతో వేదిక ఎక్కింది. తండ్రి తల్లిని కొడుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. 2011లో రాసిన ఆత్మకథ ‘వయొలెన్స్ గర్ల్’లో, వేదిక మీద తన అరుపుకి మూలం ఆ ఇల్లేనని చెప్తుంది. నాన్న ఇంట్లో వినిపించిన మెక్సికన్ పాటలే ఆమె గొంతుకి మొదటి బడి. దెబ్బలూ పాటా ఒకే ఇంట్లోంచి తెచ్చుకుని, దెబ్బల్ని పదిమంది ముందు నిలబెట్టింది.

మనకీ అలాంటి సందర్భం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలకి పాకింది. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని ఆడవాళ్లు సారా దుకాణాల ముందుకి వచ్చారు. సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. ఆ పాట ఆగాలంటే ఇంకో గొంతు లేవాలి. అది లాలిపాటల గొంతు కాదు. కొళాయి దగ్గర తయారైన గొంతే. నిన్నటిదాకా పక్కింటామె మీదికి లేచిన చెయ్యి ఆమె పక్కన నిలబడి దుకాణం వైపు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ నిజమే. కానీ గయ్యాళి అన్నవాళ్లే ఆ కొద్దికాలం ‘మా తల్లులు’ అన్నారు. గొంతు మారలేదు, అది తిరిగిన దిక్కు మారింది.

కాబట్టి హార్డ్‌కోర్‌ని సీమకి దిగుమతి చేసుకుందామని నేననను. వినడం ఎలాగో దాని దగ్గర నేర్చుకోవచ్చంటాను. రాగం లేదనీ, సభ్యత లేదనీ మనం పక్కన పెట్టినదాన్ని, ఒక రూపం అని ఒప్పుకుని, దాని లోపాలతో సహా విమర్శకి నిలబెట్టడం. స్త్రీల సాహిత్యం అంటే ఓర్పు, కన్నీళ్లు, జోలపాటలు అని మనమే గీసుకున్న గీతని కొంచెం జరపడం.

ఆ పేజీలు మళ్లీ కలుపుదామని మొన్న మా పాత వీధికి వెళ్లాను. ఒకప్పుడు వీధినంతా హడలగొట్టిన పెద్దమ్మ అరుగు మీద కూచుని చింతకాయలు ఒలుస్తోంది. వచ్చిన పని చెప్పాను. పగలబడి నవ్వింది.

‘తిట్లు గూడా రాసుకుంటారా పాపా, సదువుకున్నోళ్లు?’

‘రాసుకుంటాం పెద్దమ్మా. ఒక్కసారి తిట్టవా, రికార్డు చేసుకుంటా’ అన్నాను.

ఆమె చింతకాయ చేతిలోనే పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

‘ఊరికే తిట్టమంటే నోరు రాదమ్మా. కోపమొచ్చినప్పుడు పిలుచ్చా, అప్పుడు రా’ అంది.