ఏపీఐ పరీక్షా సాధనములు: వాని గుణదోష విచారము

బెంగుళూరు నగరమునకు తూర్పుగా, వైట్‌ఫీల్డునకు పోవు త్రోవలో హూడి యున్నది. 2023వ సంవత్సరము మార్చిలో మెట్రో రైలు వచ్చిన పిమ్మట అచ్చటి జనసమ్మర్దము మరింత పెరిగినది. ఇచ్చటి తెలుగువారు రెండు తెగలుగా కానవత్తురు. తరతరములుగా ఈ ప్రాంతమునను, కోలారు సీమయందును స్థిరపడి, ఇంట తెలుగును వీధిలో కన్నడమును మాట్లాడువారు ఒక తెగ. కోస్తా, రాయలసీమ, తెలంగాణములనుండి ఉద్యోగార్థమై వచ్చి అద్దె గదులలో నివసించు యువతీయువకులు రెండవ తెగ. ఈ రెండవ తెగవారు కలిసికొన్నపుడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. పోస్ట్‌మన్ నేర్చుకొనవలెనా, బ్రూనో నేర్చుకొనవలెనా, కర్ల్ చాలునా? ప్రశ్న చిన్నదే. కాని దీని వెనుక ఒకరి జీతము, ఒక చిన్న సంస్థ రహస్యములు, వేలకొలది ఖాతాదారుల పేర్లు చిక్కుకొని యున్నవి.

ఏపీఐ యనగా ఒక యంత్రము మరియొక యంత్రముతో మాటలాడుటకు ఏర్పరచుకొన్న కట్టుబాటు. కచేరిలో కిటికీయొద్ద నిర్ణీతమైన నమూనాలో అర్జీ యిచ్చినచో లోపలినుండి సమాధానము వచ్చును గదా. లోపల ఎవరు ఎట్లు పనిచేయుదురో అర్జీదారునకు అక్కరలేదు. ఇదియు అట్టిదే. 2016లో ప్రారంభమైన యూపీఐ విధానమున కూరగాయల బండియొద్ద ఇరువది రూపాయలు చెల్లించినను, బ్యాంకుల నడుమ ఇట్టి అర్జీలు, సమాధానములు క్షణములో నడచును. సమాధానముతో ఒక అంకెయు వచ్చును. 200 అనగా పని జరిగినది. 401 అనగా నీవెవరవో తెలియలేదు. 404 అనగా అడిగినది లేదు. 500 అనగా లోపలనే తప్పు జరిగినది. ఈ అర్జీలను ముందుగా పంపి, సమాధానములను సరిచూచుటకు ఏర్పడినవే పరీక్షా సాధనములు.

వీనిలో కర్ల్ పెద్దది. స్వీడను దేశీయుడగు డేనియల్ స్టెన్‌బర్గ్ దానిని 1998లో ఈ పేరుతో వెలువరించెను. దానికి బొత్తాములు లేవు, రంగులు లేవు. ఆజ్ఞను వాక్యముగా వ్రాయవలెను. 2018 నుండి విండోసుతోనే వచ్చుచున్నది కనుక వెదకికొనవలసిన శ్రమయు లేదు. కొత్తవారు దీనిని చూచి జంకుట సహజమే. 2005లో వెలువడిన సోప్‌యూఐ, నాటి బరువైన సోప్ పద్ధతికి తగినట్లు తానును బరువైనదే. పాత బ్యాంకు వ్యవస్థలతో పని యున్నవారికి దక్క ఇతరులకు దాని ప్రసక్తి అంతగా రాదు.

పోస్ట్‌మన్ కథ వేరు. 2012లో అభినవ్ అస్థానా దీనిని క్రోమ్ బ్రౌజరునకు తోడుగా ఇష్టమునకు నిర్మించెను. 2014లో అంకిత్ సోబ్తి, అభిజిత్ కానేలతో కలిసి బెంగుళూరుననే సంస్థగా నెలకొల్పెను. మన నడుమ పుట్టి లోకమంతట వ్యాపించిన సాధనమని దీనిపై ఇచ్చటివారికి మమకారము కలదు. అది తప్పు కాదు. కొత్త విద్యార్థి గంటలో పని మొదలుపెట్టగలుగుట, పలువురు ఒకే అర్జీల సంపుటిని పంచుకొనగలుగుట, వ్రాసిన పరీక్షలను న్యూమన్ అను ఉపసాధనముతో తమంతట తామే నడచునట్లు చేయగలుగుట దీని సుగుణములు. ఈ సౌలభ్యమును కాదనుట న్యాయము కాదు.

అయినను పేరునుబట్టి ఒక మాట తోచక మానదు. తపాలావాని ధర్మము ఉత్తరమును చేరవేయుట. చేరవేసిన ఉత్తరములనన్నిటిని తన యింట దాచుకొనుట ఆతని పని కాదు. మొదట ఈ సాధనమున ఖాతా లేకయే సొంత యంత్రమున సంపుటులను ఉంచుకొను వీలు ఉండెడిది. 2023 సెప్టెంబరులో ఆ స్క్రాచ్‌ప్యాడ్ తొలగింపబడినది. ఖాతా లేనివారికి తేలికపాటి రూపమొకటి మిగిలినది గాని, సంపుటులు కట్టుకొనవలెనన్న ఖాతా తప్పదు. ఖాతా తెరచినచో సంపుటి సంస్థవారి యంత్రములకు చేరును. అదే నెలలో ఇన్‌సోమ్నియాయు తన ఎనిమిదవ కూర్పున ఖాతాను తప్పనిసరి చేసెను. వాడుకరులు గగ్గోలు పెట్టిన పిమ్మట స్థానికముగా దాచుకొను మార్గమును మరల తెరచిరి. ఒక్క కూర్పుతో తమ సంపుటులు తమకే అందకుండ పోవునా యని ఆ నెలలో పలువురు కలతచెందిరి. ఉచితముగా ఇచ్చిన వస్తువు షరతులను ఇచ్చినవాడు మార్చగలడను సంగతి అప్పుడు తెలిసివచ్చినది.

బ్రూనోకు ఆదరము కలుగుటకు ఈ కలతయే ముఖ్యకారణము. ఇందు ప్రతి అర్జీయు సొంత యంత్రములో మామూలు వ్రాతగా నిలుచును. ఎవరు ఏ పంక్తి మార్చిరో గిట్ ద్వారా ఎత్తి చూపవచ్చును. శబ్దరత్నాకరమును ఇంట ఉంచుకొనుటకును, పొరుగూరి గ్రంథాలయమునకు పోయి చూచివచ్చుటకును గల భేదము వంటిది ఇది. పంచుకొనుటకు గిట్ తెలిసియుండవలెననునది దీని లోపము. తెలియనివారికి అది చిన్న లోపము కాదు.

హాప్‌స్కాచ్‌ను 2019లో కేరళీయుడగు లియాస్ థామస్ ప్రారంభించెను. తొలుత దానికి పోస్ట్‌ఉమన్ అని చమత్కారముగా పేరిడి, మరుసటి యేడు మార్చిరి. హాప్‌స్కాచ్ అనగా మన తొక్కుడుబిళ్లయే. బ్రౌజరులోనే తెరచుకొనును కనుక యంత్రమున ఏమియు నెలకొల్పనక్కరలేదు. కాని బ్రౌజరు, తన రక్షణ నియమములనుబట్టి, అన్యస్థానములకు పోవు అర్జీల సమాధానములను అడ్డగించును. ఆ అడ్డు తొలగుటకు మధ్యవర్తి యంత్రమును వాడినచో అర్జీ మూడవవారి చేతిమీదుగా పోవును. రహస్యపు తాళముచెవి గల అర్జీకి అది తగిన త్రోవ కాదు. తోడు పొడిగింపును గాని, సొంత యంత్రమున నడచు రూపమును గాని వాడుట మేలు.

తాళముచెవుల సంగతి వచ్చినది కనుక దానిని దాటిపోరాదు. బెంగుళూరులోని క్లౌడ్‌సెక్ సంస్థ 2024 డిసెంబరులో వెల్లడించిన పరిశోధనలో, 30,000కు పైగా పోస్ట్‌మన్ కార్యస్థలములు బహిరంగముగా పడియుండి రహస్యములను వెల్లడించుచున్నట్లు తేలినది. ఇందు సాధనమును మాత్రమే నిందించుట పొసగదు. విలువలను జట్టుతో పంచుకొను స్థానము, తనయొద్దనే ఉంచుకొను స్థానము అని అందు వేరువేరుగా ఏర్పాటులు కలవు. తొందరలో ఒకదానికి బదులు మరియొకదానిలో వ్రాసిన చేతిదే తప్పు. కాని సులభముగా తప్పు చేయనిచ్చు సాధనమునకు కొంత బాధ్యత లేకపోలేదు. సొంత ఇంట నున్న పెట్టె తెరచియుంచినను దొంగ ఇంటిలోనికి రావలెను. బజారులో నున్న పెట్టెకు అట్టి కాపు లేదు.

ఇక సాధనవిమర్శకులు స్పృశింపని విషయమొకటి కలదు. అది తెలుగు లిపి. హూడి యను మాటను గైకొనుడు. కంటికి రెండు అక్షరములు. యూనికోడు లెక్కలో హకారము, ఊత్వము, డకారము, ఇత్వము కలిసి నాలుగు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో పంపునపుడు ఒక్కొక్కటి మూడు బైట్లగుటచే పండ్రెండు. దీనినే చిరునామాలో శాతపు గుర్తులతో వ్రాసినచో ముప్పదియారు గుర్తులు. ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటే చాలును కనుక ఆంగ్లనామములతో మాత్రమే పరీక్షించువానికి ఈ తేడా ఎన్నటికిని తెలియదు. పేరునకు నలువది బైట్లు మాత్రమే కేటాయించి, మించినదానిని కత్తిరించు యంత్రమునకు "వేంకట సుబ్బారావు" అని పంపినచో "వేంకట సుబ్బారా" అని మిగులును. ఆంగ్లమున అదే పేరు సుఖముగా ఇముడును. పింఛను పుస్తకమున ఒక రీతిగను, బ్యాంకులో మరియొక రీతిగను పేరుండి వృద్ధులు పడు అవస్థ తెలిసినవారికి ఇది పరిహాసము కాదు.

ఇంతకన్న సూక్ష్మమైనది ఇంకొకటి. రాజ్‌కుమార్ అని పొల్లు విడిగా కనబడుటకు నడుమ కంటికి కానరాని గుర్తు ఒకటి చేరును. ఒకరు ఆ గుర్తుతోను, ఒకరు లేకయు వ్రాసినచో యంత్రమునకు వారు వేరువేరు మనుష్యులు. అందుచే సమాధానమును అందముగా తీర్చిదిద్ది చూపుటతో సాధనము తన పని ముగిసినదనుకొనరాదు. వచ్చినది వచ్చినట్లు చూపుటయు ముఖ్యము. పోస్ట్‌మనులో తీర్చిన రూపము, ముడిరూపము రెండును కలవు. కర్ల్ వచ్చిన బైట్లను దిద్దక అట్లే ఇచ్చును. ఈ ఒక్క విషయమున బీద కర్ల్‌కు పీట వేయవలసియున్నది.

హూడిలో ఉద్యోగము వెదకుకొను తెలుగు యువకుడు ప్రకటనలలో పోస్ట్‌మన్ పేరు చూచి దానినే నేర్చుకొనుటలో ఆశ్చర్యము లేదు, నేర్చుకొననిండు. కాని దానికి ముందు వారము దినములు కర్ల్‌తో చేతివ్రాత అలవరచుకొన్నచో, రేపు బొత్తాముల స్థానము మారినను ఆతడు దిగులుపడడు. ఐదుగురో పదుగురో ఉన్న సంస్థ, ఖాతాదారుల వివరములతో పనిచేయునదైనచో, బ్రూనోవంటి స్థానిక సాధనమును ఎన్నుకొనుట మేలు. పలు నగరములలో చెదరియున్న పెద్ద జట్టునకు పోస్ట్‌మన్ సౌలభ్యము ఆ వెలకు తగినదే. ఎవరు దేనిని ఎన్నుకొన్నను అర్జీల వర్ణనను ఓపెన్‌ఏపీఐ అను ఉమ్మడి కట్టుబాటులో వ్రాసి తమయొద్ద ఉంచుకొన్నచో ఇల్లు మారునపుడు సామాను వెంట వచ్చును. పరీక్షకై వ్రాసికొను పేర్ల పట్టికలో మొదటి పంక్తిగా మాత్రము వేంకట సుబ్బారావును, రెండవ పంక్తిగా రాజ్‌కుమారును రెండు విధముల చేర్చుట మరువరాదు.