విత్తనం ఎంచే కన్ను, జోడీ కట్టే చెయ్యి

మామూలు పావురం తోకలో 12 ఈకలుంటాయి. లక్కా పావురానికి 30 నుంచి 40. పొద్దున్నే గూటి తలుపు తీయగానే అది రొమ్ము విరుచుకుని, మెడ వెనక్కి వాల్చి, తోకను విసనకర్రలా విప్పి నాలుగడుగులు వేస్తుంది. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో ఆ నడక చూసి ఆగిపోయి, ఓ జత కొనుక్కుని ఇంటిదారి పట్టేవాళ్ళున్నారు. ఆ ఇంటి మిద్దె మీద బెండ, వంగ, సొర కూడా పెరుగుతుంటే ఆ జత రోజులు కాస్త వేరుగా గడుస్తాయి.

ఎందుకంటే, ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో తేల్చడం తోట పెంచేవాళ్ళకు అప్పటికే అలవాటైన పని. బాగా కాసిన వంగమొక్క మీద మంచి కాయను కోయకుండా పండబెట్టి విత్తనానికి ఉంచుతారు. సొరకైతే ఇంకాస్త శ్రద్ధ కావాలి. దాని పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. కాబట్టి ఆ పూట విచ్చుకోబోయే ఆడమొగ్గనూ మగమొగ్గనూ మధ్యాహ్నమే దారంతో కట్టేస్తారు. పొద్దు వాలాక విప్పి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, మళ్ళీ కట్టి, కాడకు గుర్తుగా రంగు దారం చుడతారు. ఇలా చేయకపోతే పక్క డాబా మీది పొడుగు సొర పుప్పొడిని ఏ పురుగో మోసుకొస్తుంది. కాయ మారదు గానీ, దాని గింజలు వేస్తే మరుసటి ఏడు గుండ్రటి సొర గుండ్రంగా రాదు.

పావురాలకు జోడీ కట్టడంలోనూ ఇదే నేర్పు. మధ్యలో జాలీ ఉన్న పెట్టెలో మగదాన్ని ఒక పక్క, ఆడదాన్ని ఒక పక్క ఉంచుతారు. మగది గుర్రుమంటూ మెడ ఉబ్బించి తిరుగుతుంది. ఆడది జాలీ దగ్గరికి వచ్చి తల ఊపడం మొదలుపెట్టాక జాలీ తీస్తారు. ఒకసారి కుదిరిన జోడీ మామూలుగా విడిపోదు. అందుకే కలపక ముందే కన్ను పనిచేయాలి.

ఈ కన్ను గురించి గట్టిగా ఆలోచించినవాడు చార్లెస్ డార్విన్. 1855లో ఆయన ఇంగ్లండులోని తన పల్లెటూరి ఇంట్లో పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరి, పెంపకందారుల పక్కన కూర్చుని వాళ్ళ మాటలు విన్నాడు. తెల్ల లక్కాలను నల్లటి బార్బ్ పావురాలతో కలిపితే మచ్చల పిల్లలు పుట్టాయి. వాటిని మళ్ళీ వాటిలోనే కలిపితే ఒక మనవడు అచ్చం కొండపావురంలా నీలి ఒళ్ళు, రెక్క మీద రెండు నల్ల పట్టీలతో బయటికొచ్చాడు. రకాలెన్నయినా వాటి మూలం ఒక్కటే అనడానికి ఆ పిల్ల ఒక సాక్ష్యం. జాతుల పుట్టుక మీద 1859లో వచ్చిన తన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఆయన పావురాలకు పెద్ద పీట వేశాడు. అక్బరు కొలువులో 20 వేలకు పైగా పావురాలుండేవన్న సంగతీ అందులో చేర్చాడు.

అదే అధ్యాయంలో పక్షుల పెంపకందారు సర్ జాన్ సెబ్రైట్ కనిపిస్తాడు. కోరిన ఈకను మూడేళ్ళలో తెప్పించగలను గానీ, కోరిన తలా ముక్కూ రావాలంటే ఆరేళ్ళు పడుతుందనేవాడట. ఆయన పేరు మోస్తున్న బాంటమ్ అనే పొట్టి కోడి రకం ఇప్పటికీ ఉంది. అరకిలోకి కొంచెం పైన తూగుతుంది. ప్రతి ఈక చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. పుంజుకు కొడవలి తోక రాదు, ఈకలు పెట్టకున్నట్టే ఉంటాయి. ఒకే మనిషి పావురాన్నీ పొట్టి కోడినీ ఒకే కంటితో చూశాడు. మిద్దె మీద ఈ రెండూ పక్కపక్కనే పెరగడం కాకతాళీయమేమీ కాదు.

అయితే ఎంపిక హద్దు దాటితే ఆ బరువు పక్షి మోస్తుంది. ముక్కు మరీ పొట్టిదైన టంబ్లర్ పావురాల్లో పిల్ల పెంకు పగలగొట్టుకోలేక లోపలే చచ్చిపోతుంటే, పెంచేవాళ్ళే గుడ్డు ఒలిచి బయటికి తీసేవారని డార్విన్ రాశాడు. పొట్టికాళ్ళ జపనీస్ బాంటమ్‌ది ఇంకో బాధ. ఆ పొట్టితనం తెచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితే పిల్ల బతకదు. పొట్టికాళ్ళ పుంజును పొట్టికాళ్ళ పెట్టతో కలిపితే సగటున నాలుగు గుడ్లలో ఒకటి పోయినట్టే. ఈ లెక్క తెలిసినవాళ్ళు జతలో ఒకదాన్ని పొడుగుకాళ్ళదిగా ఎంచుకుంటారు. పోటీలో బహుమతి రాకపోతే రాకపోనీ, గుడ్లు నిలుస్తాయి. చూపు చాటేసే మెడకుచ్చు, ఎగరనివ్వనంత తోక ఉన్న జతకు ఎక్కువ ధర పెట్టడం కంటే, పిల్లల్ని తనంత తానే పెంచుకునే జత కొనడమే న్యాయం.

పిల్లల్ని పెంచడం చూడాలంటే ఉదయం పది గంటల ప్రాంతంలో పావురాల గూటి దగ్గర నిలబడాలి. రాత్రంతా రెండు గుడ్ల మీద కూర్చున్న ఆడది లేచి ఒళ్ళు విరుచుకుంటుంది. మగది జరిగి జరిగి వచ్చి, ముక్కుతో గుడ్లను పొట్ట కిందికి లాక్కుని సర్దుకుంటుంది. సాయంత్రం కావొచ్చేదాకా వంతు దానిదే. 17, 18 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. మొదటి వారం వాటి తిండి గింజలు కాదు. తల్లీ తండ్రీ ఇద్దరి మెడ కిందా గింజలు నిలవుండే సంచిలో ఊరే జున్నులాంటి ముద్ద. పావురం పాలంటే అవే.

మరి తోట సంగతి? బాంటమ్ చిన్నదే గానీ కాలు ఊరుకోదు. కొత్తగా మొలిచిన తోటకూర మడిని క్షణాల్లో గీరి పోస్తుంది. కాబట్టి ఆకుకూరలకు వల కప్పి, పెద్ద కుండీల మొదళ్ళలో ఇటుక ముక్కలు పరిచి, సాయంత్రం ఓ గంట మాత్రమే వదలాలి. ఆ గంటలో నత్తలు, గొంగళిపురుగులు, చెదలు ఏరుకు తింటుంది. గన్నేరు విషపు మొక్క కాబట్టి దాని కుండీ ఆ మిద్దె మీద ఉండకూడదు.

రెట్ట గొప్ప ఎరువు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ సఫావిద్‌ల కాలంలో పావురాల కోసం బురుజులే కట్టారు, కర్బూజా పొలాలకు ఆ ఎరువు కావాలని. కానీ పచ్చిది వేస్తే వేళ్ళు మాడతాయి. ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరనివ్వకుండా, బాగా మాగి వాసన పోయాకే కుండీకి చేర్చాలి. గూడు ఊడ్చేటప్పుడు ముందు నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకోవడం తప్పనిసరి. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఈ సరదా వద్దు.

కోళ్ళనూ పావురాలనూ ఒకే గూట్లో ఉంచడమూ మంచిది కాదు. కోళ్ళకు వచ్చే కొక్కెర తెగులు వైరస్‌లోనే ఒక రకం పావురాలకూ సోకి మెడ వంకర తిప్పేస్తుంది. కోడిపిల్లలకు మొదటి వారంలోనే ఆ తెగులుకు లసోటా టీకా చుక్కలు వేయించాలి.

ఇక రాసిపెట్టుకునే పుస్తకం. ఒక పేజీలో ఏ పాదు ఏ కాయ గింజలో, ఎదుటి పేజీలో ఏ పిల్ల ఏ జోడీదో రాసిపెట్టుకునేవాళ్ళకు ఈ పని త్వరగా పట్టుబడుతుంది. పావురం పిల్ల కాలికి అతుకులేని రింగు తొడగాలంటే మాత్రం పుట్టిన వారం పది రోజుల్లోపే చూసుకోవాలి. ఆ తర్వాత పాదం పెరిగిపోయి రింగు ఎక్కదు.