పరిగె, పన: కుమ్రాను పాఠ వివాదంపై ఒక విమర్శ

కుమ్రాను నాల్గవ గుహలోని తునకలు 1952లో దొరికాయి. వాటిలో చాలా భాగం దాదాపు నలభై ఏళ్లు కొద్దిమంది సంపాదకుల చేతుల్లోనే ఉండిపోయింది. ఆ జాప్యాన్ని మేము సమర్థించడం లేదు. 1991 సెప్టెంబరులో హంటింగ్టన్ గ్రంథాలయం తన వద్దనున్న ఛాయాచిత్రాలను పరిశోధకులందరికీ తెరవడం మంచిదే. అయితే ఆ ఏడాది చివర జరిగిన మరో సంగతిని కూడా మన తరగతుల్లో ఆ విడుదల కథలోనే కలిపేసి, విజయంగా చెబుతున్నారు. దీనితో మేము ఏకీభవించలేము.

ఎమ్మెమ్టీ అనే పత్రిక (పౌలు గలతీయులకు రాసిన ధర్మశాస్త్ర సంబంధ క్రియలు అనే మాటకు దగ్గరి హెబ్రీ పదబంధం ఇందులో ఉండబట్టే మన విద్యార్థులకు ఇది పరిచయం) ఆరు చేతిప్రతుల తునకల నుండి కూర్చినది. ఎలీషా ఖిమ్రోన్ గారు జాన్ స్ట్రగ్నెల్ గారితో కలిసి ఏళ్ల తరబడి శ్రమించి, చిరిగిన చోట్ల పదాలను పూరించి 121 పంక్తుల పాఠాన్ని నిలబెట్టారు. ప్రచురణకు ముందే దాని నకళ్లు పండితుల మధ్య చేతులు మారాయి. 1991లో హెర్షెల్ షాంక్స్ గారు తాము ప్రచురించిన ఛాయాచిత్రాల సంపుటి ముందుమాటలో ఆ పాఠాన్ని అచ్చు వేశారు. ఖిమ్రోన్ అనుమతి లేదు, పేరు కూడా లేదు. అధికారిక ప్రచురణ 1994లో గాని రాలేదు. యెరూషలేము జిల్లా న్యాయస్థానం 1993లో ఖిమ్రోన్ పక్షాన తీర్పిచ్చింది; ఇశ్రాయేలు సుప్రీంకోర్టు 2000లో దానిని ఖాయపరచింది.

షాంక్స్ పక్షాన ఒక వాదం ఉంది, దానిని తేలికగా తీసివేయకూడదు. ప్రాచీన రచయిత మాటలనే తిరిగి నిలబెట్టానని చెప్పే పండితుడు వాటిపై తనకు హక్కుందని ఎలా అనగలడు? ఈ చిక్కును న్యాయస్థానం పూర్తిగా విడదీసిందని మాకు అనిపించదు. కాని హక్కు ప్రశ్న వేరు, పేరు ప్రశ్న వేరు. రూతు బోయజు పొలంలో సెలవడిగి, కోతవారి వెనుక పరిగె ఏరుకుంది. ఛాయాచిత్రాలు పొలం; ఖిమ్రోన్ పాఠం కట్టిన పన. పొలానికి కంచె వేసినవారిపై కోపంతో, కోసి కట్టినవాని పనను ఎత్తుకుపోవడం న్యాయం కాదు.

2003లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో సమావేశమైన జన్యు పరిశోధకులు ఇటువంటి చిక్కునే మర్యాదతో తీర్చజూశారు: సమాచారాన్ని ప్రచురణకు ముందే అందరి ముందు ఉంచాలి, వాడుకునేవారు మొదటి సమగ్ర విశ్లేషణను దానిని తయారుచేసినవారికే విడిచిపెట్టాలి.

మన మధ్య కూడా ఇది దూరపు సంగతి కాదు. ఒక విద్యార్థి గ్రామాలు తిరిగి సేకరించిన సంఘ చరిత్ర, సెమినారులో చదివి అందరికీ నకళ్లు పంచినది, మరొకరి పుస్తకంలోకి పేరు లేకుండా వెళ్లడం మేము చూశాము. అడిగితే, అందరికీ పంచినదే కదా అన్న జవాబు వచ్చింది. ఆ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసానికి వేరే అంశం వెదుక్కోవలసి వచ్చింది.